ఎడమవైపు తలుపు

టెనెసీలో, స్ప్రింగ్ హిల్ దాటాక, హోయ్ట్ టిడ్‌వెల్ ఇంటి ముందు గడ్డిలో పాత శాటర్న్ వ్యూ కారొకటి, దాని అద్దానికి ధర వేసి ‘అమ్మబడును’ అని రాసిన అట్టా ఉన్నాయి. కారు పక్కన హోయ్ట్, వరండాలో బఠానీలు ఒలుస్తూ ఆయన భార్య వెర్నీస్, కారు చుట్టూ తిరుగుతూ కొనడానికొచ్చిన డార్లా.

"తన్నకండి! అయ్యో, తన్నకండి హోయ్ట్ గారూ!"

"భయపడకు డార్లా. ఇదిగో, ఇంకోటి. చూశావా? సొట్ట పడిందా?"

"పడలేదు. నమ్మాను. కాలు దించండి."

"ఇది రేకు కాదు తల్లీ, ప్లాస్టిక్కు. షోరూముల్లో కుర్రాళ్లు ఇలాగే తన్ని చూపించేవాళ్లు. కొనడానికొచ్చిన వాళ్ల పిల్లల చేత కూడా తన్నించేవాళ్లు. కావాలంటే నువ్వూ ఒకటి..."

"వద్దండీ! ఆ తలుపుని మాత్రం ఏమీ చెయ్యకండి. అంత సరదాగా ఉంటే వెనక బంపర్ని తన్నుకోండి."

"ఇదేం విడ్డూరం? బంపరు పోయినా ఫర్వాలేదు గానీ తలుపు..."

"అంటే... నాకు తలుపులంటే ఇష్టం."

"తలుపులంటే ఇష్టమా?"

"కొందరికి రంగంటే ఇష్టం ఉంటుంది. నాకు తలుపులు."

"అమ్మాయ్! ఇటు విను, వరండాలోంచి చెబుతున్నా. ఆయన వరస అంతే. ఎవరొచ్చినా ముందు ఆ కారుని తంతాడు. తర్వాత వచ్చినవాళ్లని తన్నినంత పని చేసి తగిలేస్తాడు. కారు మాత్రం నా పూలమొక్కల్ని తొక్కుకుంటూ అక్కడే ఉంటుంది."

"వెర్నీస్, నీ బఠానీలు నువ్వు ఒలుచుకో."

"ఒలుస్తూనే ఉన్నా. బఠానీలకి చేతులు చాలు, నోరు ఖాళీయే. శనిగ్రహం పేరు పెట్టుకున్న కారు కదా, శని పట్టినట్టే పట్టింది నా వాకిలిని."

"ఎందుకు తగిలేశారండీ వాళ్లని?"

"ఎందుకేమిటమ్మా, ఒకడొచ్చి బేరమాడాడు. శాటర్న్ కారుకి బేరమా! ఆ కంపెనీలో ఆ మాటే లేదు. ధర అట్ట మీద ఎంత ఉంటే అంత. గవర్నరొచ్చినా అంతే, గడ్డి కోసేవాడొచ్చినా అంతే. నేను ఆ ఫ్యాక్టరీలో పనిచేసినవాణ్ణి. నా వాకిట్లోకొచ్చి, ‘ఓ రెండొందలు తగ్గించు తాతా’ అంటాడా?"

"సరే, వాడు తగ్గించమన్నాడు, పంపించావు. ఆ రెండోవాడి సంగతి కూడా చెప్పు."

"వాడు ఎక్కువిస్తానన్నాడు."

"ఎక్కువిస్తానన్నా పంపేశారా?"

"అదీ బేరమే కదమ్మా? అట్ట మీద ఉన్నది కాదుగా."

"విన్నావా తల్లీ? ఎక్కువిస్తానంటే కుక్కని వదిలే మొగుడు ఈ కౌంటీ మొత్తానికీ నాకొక్కదానికే దొరికాడు."

"కుక్కని వదల్లేదు. అదే వెళ్లింది. ఇక మూడోవాడున్నాడు చూడూ, వాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. విప్పుకుపోయేవాడు."

"విప్పుకు... అంటే?"

"కంపెనీ మూతపడి ఎన్నేళ్లయింది? కొత్త సామాను రాదు. అందుకని ఇలాంటివాళ్లు బతికున్న కారుని కొనుక్కుపోయి, లైటొకడికి, అద్దమొకడికి, తలుపొకడికి అమ్ముకుని, మిగిలింది తుక్కులో పడేస్తారు. రోడ్డు మీద తిరగాల్సిన దాన్ని! నా చేతులతో బిగించానమ్మా. ఎడమవైపు తలుపులు చూసేవాళ్లలో నేనొకణ్ణి. ఈ కారు తిరగాలి. నేను తిప్పలేను కాబట్టి ఇంకెవరైనా తిప్పాలి. అంతే నాకు కావలసింది."

"మీరెందుకు తిప్పలేరు?"

"లైసెన్సు ఆఫీసులో కళ్లకి కొంచెం..."

"కొంచెమా? గోడ మీద అక్షరాలు చదవమంటే ‘ఏ గోడ?’ అన్నాడమ్మా ఈ మహానుభావుడు."

"వెర్నీస్!"

"సాయంత్రమైతే వెళ్లి ఆ కారులో కూచుని రేడియోలో బేస్‌బాల్ వింటాడు. ఇంట్లో రేడియో లేదా? ఉంది. కుర్చీ లేదా? ఉంది. అయినా అందులోనే కూచుంటాడు, స్టీరింగు పట్టుకుని. మాట్లాడుతుంటే మర్చిపోయా. రా తల్లీ, ఈ టీ తీసుకో, ఐసు కరిగిపోతోంది. రెండు చేతులతో పట్టుకో, నిండా పోశాను. అయ్యో, ఆ ఎడం చేతికి కట్టేమిటి?"

"ఏం లేదండీ. తలుపులో పడింది."

"ఏ తలుపు?"

"ఇంటి... ఇంటి తలుపే."

"అంత ఇష్టం పెంచుకుంటే అలాగే అవుతుంది మరి. ఎండలో స్వెటరేమిటమ్మా? కట్టు కనపడకుండానా?"

"చలిగా ఉంటేను. హోయ్ట్ గారూ, ఈ ఎడమవైపు లైటు అసలుదేనా? పగల్లేదు కదా?"

"అసలుదే."

"పక్కనున్న అద్దం?"

"అదీ అసలుదే."

"తలుపు బోల్టులు తుప్పు పట్టాయా? అంటే, ఊరికే అడుగుతున్నా."

"ఊరికే అడిగేవాళ్లు టైర్ల సంగతి అడుగుతారు తల్లీ, బోల్టుల సంగతి కాదు."

"టైర్లు ఎలా ఉన్నాయి?"

"గుండ్రంగా ఉన్నాయి."

"బాగుంది. గుండ్రంగా ఉంటేనే మంచిది. మరి ఆ బోల్టులు..."

"ఆగండాగండి, ఫోను. హలో? ఆఁ, ఉందండీ. లేదు, ఇంకా అమ్మలేదు. ఎడమ తలుపా? ఉందమ్మా, ఇప్పుడే తన్నాడు కూడా. లైటూ ఉంది. మీరు వచ్చి చూసుకోవచ్చుగా? హలో? హలో? పెట్టేసింది."

"ఎవరు వెర్నీస్? మళ్లీ ఆవిడేనా?"

"ఆవిడే. పేపర్లో మన ప్రకటన చూసిందట, పొద్దుట్నించీ ఇది మూడోసారో నాలుగోసారో. ఎవరో వస్తున్నారంటుంది, గబుక్కున పెట్టేస్తుంది. మొగుడికి తెలీకుండా కొంటోందేమో."

"గొంతు పెద్దావిడలా ఉందన్నావుగా. ఆ వయసులో మొగుడికి భయమేమిటి?"

"ఎవరండీ ఆవిడ? ఆవిడ కూడా ఇదే కారు అడుగుతోందా?"

"ఇదే. ఈ రంగే కావాలిట."

"నేను తీసుకుంటున్నా."

"ఏమిటీ?"

"తీసుకుంటున్నానండీ. ఇప్పుడే. అట్ట మీద ఎంతుందో అంత, పైసా తగ్గించమనను, పైసా ఎక్కువ ఇవ్వను. బండి లాక్కెళ్లడానికి మా బావ ట్రక్కు తీసుకుని సందు చివర ఉన్నాడు, ఒక్క ఫోను చేస్తే చాలు."

"దేవుడున్నాడు! హోయ్ట్, తాళాలిచ్చెయ్. నేను కాగితాలు తెస్తా."

"కూచో వెర్నీస్."

"కూచోను. నా మొక్కలు!"

"కూచో అన్నాను. డార్లా, లాక్కెళ్లడమేమిటమ్మా? కారు నడుస్తుంది కదా?"

"నడుస్తుందని తెలుసు."

"ఎలా తెలుసు? తాళం తిప్పమన్నావా? బానెట్టు ఎత్తమన్నావా? ఇంజను చప్పుడైనా వినకుండా ఎవరైనా కారు కొంటారా? వచ్చిన దగ్గర్నించీ లైటు, అద్దం, తలుపు, బోల్టు. వాడూ ఇంతే, ఆ మూడోవాడు. తాళమే అడగలేదు."

"నేను అలాంటిదాన్ని కాదండీ."

"మరి ఎలాంటిదానివి?"

"నేను... ఒక్క తలుపే. తలుపు, లైటు, అద్దం. మిగతాదాని జోలికి పోను. షెడ్డులో పెట్టి, పైన గుడ్డ కప్పి..."

"విప్పుతావన్నమాట."

"విప్పుతాను."

"టీ తాగేసి వెళ్లమ్మా."

"హోయ్ట్ గారూ, ఒక్క నిమిషం వినండి."

"మూడోవాడు కూడా ఒక్క నిమిషమే అడిగాడు."

"హోయ్ట్! పిల్ల కళ్లు చూడు. చెప్పనియ్."

"కనపడితే చూడనా? సరే, చెప్పు."

"మా ఇంట్లో కూడా ఇలాంటిదే ఉందండీ. ఇదే రంగు. అమ్మది. అమ్మ తుంటి ఆపరేషనని ఆసుపత్రిలో ఉంది. శనివారం ఇంటికొస్తుంది. కారు తియ్యొద్దని వెళ్లేముందు మరీమరీ చెప్పింది. నా పికప్పు పాడైంది. ఒక్కరోజే కదా అని తీశాను. లూయిస్‌బర్గ్ రోడ్డులో దుప్పి అడ్డమొచ్చింది."

"ఎడమవైపునించా?"

"ఎడమవైపునించే. తలుపు చీలిపోయింది, లైటు పోయింది, అద్దం ఎక్కడ పడిందో కూడా తెలీదు. ఇన్సూరెన్సు వాడు చూసి, ‘ఇంత పాత బండికి సామాను దొరకదు, తుక్కు కింద రాసేస్తా’ అన్నాడు. చుట్టుపక్కల తుక్కుదుకాణాలన్నీ తిరిగాను. ఒక్క తలుపు దొరకలేదు."

"దొరకదు. మంచివి ఎప్పుడో పోయాయి."

"దుప్పికేమైంది తల్లీ?"

"నన్నొకసారి చూసి వెళ్లిపోయిందండీ, ఏమీ జరగనట్టు."

"ఆ చెయ్యి అప్పుడేనా?"

"అప్పుడే. బెణికింది, అంతే. రోజూ ఆసుపత్రికెళ్లి అమ్మ ఎదురుగా కూచుంటా, ఈ స్వెటరేసుకుని. ‘కారెలా ఉంది?’ అంటుంది. ‘బాగుందమ్మా’ అంటా. యాభై ఏళ్లు నాకు! ఐదో తరగతిలో అద్దం పగలగొట్టినప్పుడు ఎలా వణికానో ఇప్పుడూ అలాగే వణుకుతున్నా."

"ఒక కారు కోసం కన్నకూతుర్ని చంపుతుందా ఏం?"

"మీకు మా అమ్మ తెలీదు వెర్నీస్ గారూ. ఆ కారంటే ప్రాణం. చర్చికెళ్లేముందు తను తల దువ్వుకోకపోయినా దాన్ని గుడ్డతో తుడుస్తుంది. నేను పుట్టినప్పుడు ఫోటో లేదు గానీ ఆ కారు కొన్నప్పుడు తీసిన ఫోటో హాల్లో గోడకుంది. చుట్టూ షోరూము వాళ్లంతా నిలబడి చప్పట్లు కొడుతుంటే..."

"కొట్టేవాళ్లు! ఎవరు కారు కొన్నా ఉన్నపాటున పనులాపి అందరూ బయటికొచ్చి, చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టి, తాళాలు చేతికిచ్చేవాళ్లు. ఫోటో తీసేవాళ్లు. అదొక ఆచారం."

"అమ్మ ముప్పై ఏళ్లు చొక్కాల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టిందండీ. ఆవిడకి ఎవరైనా చప్పట్లు కొట్టింది జన్మలో ఆ ఒక్కరోజే. అలాంటి కారుని నేను... ఏ మొహం పెట్టుకుని చెప్పను? తిట్టినా బాగుండును. తిట్టదు. ఆ ఫోటో వంక చూసి ఊరుకుంటుంది. అది నేను చూడలేను."

"ఏడవకమ్మా. హోయ్ట్, ఏదో ఒకటి అను."

"ఏ సంవత్సరంలో కొంది మీ అమ్మ?"

"రెండు వేల నాలుగులో. అప్పుడే డ్రైవింగు నేర్చుకుంది, యాభై ఎనిమిదో ఏట. ఊరంతా నవ్వింది."

"ఆ వయసులో అంత అవసరమేమొచ్చిందో?"

"సరదా పుట్టిందంది. నేను అప్పుడే విడాకులై ఇంటికొచ్చి పడ్డాను. కారు లేదు, చేతిలో ఏమీ లేదు. కోళ్ల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దొరికింది. అమ్మే దింపేది. ‘నాకూ ప్రాక్టీసవుతుందిలే’ అనేది. తెల్లారేసరికి మళ్లీ గేటు దగ్గర ఉండేది. అదీ ప్రాక్టీసే అనేది."

"ఎన్నాళ్లు?"

"రెండేళ్లు. డ్రైవింగంటే అంత పిచ్చి ఆవిడకి."

"రెండేళ్లా? విన్నావా హోయ్ట్?"

"విన్నాను. కళ్లే పోయాయి, చెవులు కాదు. రెండు వేల నాలుగంటే ఎడమ తలుపుల దగ్గర నేనున్నానమ్మా. అది కూడా నా చేతిలోంచి వెళ్లిందేనేమో. పానాలు ఎక్కడున్నాయి వెర్నీస్?"

"ఎందుకు?"

"తలుపు విప్పాలి."

"నువ్వా! విప్పేవాళ్లంటే ఒళ్లు మంటన్నావు?"

"తుక్కులో పడేసేవాళ్లంటే. ఇది రోడ్డెక్కుతోందిగా. ఇంకో కారుకెక్కి తిరుగుతుంది. కారుని మాత్రం నువ్వు పట్టుకెళ్లడానికి లేదు డార్లా. తలుపు, లైటు, అద్దం ఇస్తా. ఆ చీలిన తలుపు నువ్వు తెచ్చిస్తే దీనికి బిగిస్తా. రేడియో వినడానికి మంచి తలుపే ఉండాలని ఏముంది?"

"అంటే కారు ఇక్కడే ఉంటుందా! చీలిన తలుపుతో! నా వాకిట్లో!"

"ఎంతివ్వమంటారు హోయ్ట్ గారూ?"

"అదే వచ్చింది చిక్కు. అట్ట మీద కారు రేటుంది, తలుపు రేటు లేదు. రాయని రేటు నేను చెప్పను, చెబితే బేరమవుతుంది. కాబట్టి ఊరికే."

"ఊరికేనా? అయ్యో, అలా కాదు, ఎంతో కొంత..."

"బేరమాడకు. వెళ్లగొడతా."

"తీసుకో తల్లీ, ఆయన బుద్ధి మారకముందే. నా మొక్కల ఖర్మ ఎలాగూ ఇంతే. ఇదుగో మళ్లీ మోగుతోంది. నేను పానాల కోసం వెళ్తున్నా, నువ్వే తీసుకో హోయ్ట్."

"ఏ గుండీ నొక్కాలి? నాకు కనపడి చావదు. ఏదో నొక్కా. హలో?"

"హలో, వ్యూ కారు వాళ్లేనాండీ? ఇందాక ఫోను చేసిందాన్ని."

"అయ్యో, స్పీకరు నొక్కినట్టున్నా, గొంతు ఊరంతా వినిపిస్తోందే. చెప్పమ్మా."

"ఎడమవైపు తలుపు ఉంది కదూ? అది నాకు కావాలండీ. కారంతా కొనమన్నా కొంటాను."

"ఇచ్చేశానమ్మా. ఇప్పుడే. ఇక్కడే ఉన్నారు తీసుకునేవాళ్లు."

"అలా అనకండి బాబూ. వాళ్లని బతిమాలండి. నర్సు రాకముందు చెప్పేస్తాను, వినండి. మా అమ్మాయి కారుని దుప్పికి గుద్దేసింది. పక్కింటావిడ చెప్పింది నాకు. అది చెప్పలేక చస్తోంది. రోజూ నా ఎదురుగా కూచుని బాగుందమ్మా, బాగుందమ్మా అంటుంది, కట్టు కట్టిన చెయ్యి స్వెటర్లో దాచుకుని. అది నోరు తెరిచి చెప్పాల్సిన పని లేకుండా ఎవరినైనా పంపించి ఆ తలుపు బిగించేయిద్దామని నా ఆశ. షెడ్డు తాళం పూలకుండీ కింద ఉంటుంది. దానికి మాత్రం తెలీకూడదు."

"అమ్మా?"

"ఎవరది?"

"నేనమ్మా. డార్లాని."

"నువ్వక్కడేం చేస్తున్నావే?"

"తలుపు కోసం వచ్చానమ్మా."

"ఓసి నీ... చెయ్యి ఎలా ఉంది? విరిగిందా?"

"బెణికింది."

"డాక్టరుకి చూపించావా?"

"చూపించాను. అమ్మా, కారు తియ్యొద్దన్నావు, తీశాను. నీకు అదంటే ఎంత ప్రాణమో తెలిసి కూడా తీశాను. నీకు చప్పట్లొచ్చింది ఆ కారుతోనేనని..."

"కారు ప్రాణమని ఎవరన్నారే? బ్రేకులు మొరాయిస్తున్నాయి, అందుకు తియ్యొద్దన్నాను."

"మరి ఆ ఫోటో? ఆ తుడవడం? యాభై ఎనిమిదేళ్లకి సరదాపడి నేర్చుకున్నావు కదమ్మా. రెండేళ్లు రాత్రీ పగలూ ప్రాక్టీసు..."

"ఓసి పిచ్చి మొహమా! రాత్రి పదింటికి, వానలో, ఆ కోళ్ల కంపులోకి నేను వచ్చింది ప్రాక్టీసు కోసమేనని ఇన్నేళ్లూ నిజంగానే నమ్మావుటే?"